మొక్కల మందులు – మెదడు కాన్సరు : ప్రయోగశాలలో ఏం జరుగుతుంది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ మన హక్కేగాని ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని తీర్పు చెప్పింది. ఆ సంగతి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు వేదిక మీదే ఉన్నారు. డి.ఎ. బకాయిల గురించి అధ్యక్షులవారు మాట్లాడతారు. నాకు అప్పజెప్పిన విషయం వేరు. "మీరు లాబ్‌లో పనిచేసినవారు కదా, మొక్కల మందులతో కాన్సరు తగ్గుతుందా లేదా చెప్పండి, మన గ్రూపులో రోజూ ఏదో ఒక మెసేజీ వస్తోంది" అని కార్యదర్శి గారు అడిగారు. సరే అన్నాను. అయితే ఈ ప్రశ్న నన్ను 2011లో ఒకరు అడిగారు. అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఆ బాకీ ఇంకా ఉంది. అందుకే ఒప్పుకున్నాను.

ముందుగా నేనెవరినో మనవి చేసుకోవాలి. నేను శాస్త్రవేత్తను కాను. హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరి, టెక్నికల్ ఆఫీసరుగా 2014లో రిటైరయ్యాను. డాక్టరేట్ల కోసం వచ్చిన పిల్లలు రాత్రిళ్ళు నిద్ర మాని ప్రయోగాలు చేస్తే, ఆ ప్రయోగానికి కావలసిన కణాలను బతికించి ఉంచడం నా ఉద్యోగం. పాడిగేదెను మేపినట్టే. ఆదివారమైనా, సంక్రాంతైనా వాటికి మేత వెయ్యాలి.

ఆ కణాలేమిటో చెబుతాను. మెదడులో పుట్టే కాన్సర్లలో గ్లయోబ్లాస్టోమా అనేది పెద్దవాళ్ళకు వచ్చేవాటిలో చాలా చెడ్డది. అలాంటి కణితిని ఆపరేషన్ చేసి తీసినప్పుడు దాని ముక్కను ప్రయోగశాలలో పెంచితే కొన్ని కణాలు చావకుండా పెరుగుతూనే ఉంటాయి. మేము వాడినవాటిలో యు-87 అనే రకం ఒకటి. 1960ల్లో స్వీడన్‌లోని ఉప్సాలా నగరంలో ఒక రోగి కణితి నుంచి తీసిన కణాల సంతతి అది. ఆ రోగి ఏనాడో కాలం చేశారు. కణాలు మాత్రం దేశదేశాల్లో పెరుగుతూనే ఉన్నాయి. మన దేశంలో వీటిని పూనాలోని కణవిజ్ఞాన జాతీయ కేంద్రం నుంచి తెప్పించుకుంటారు. మిగిలినవాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి దాస్తారు. కావలసినప్పుడు తీసి వెచ్చచేస్తే మళ్ళీ లేస్తాయి.

పెంచే పద్ధతి ఇదీ. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే బీరువా. లోపల ప్లాస్టిక్ ప్లేటు. దానికి ఇడ్లీ పళ్ళేనికున్నట్టు 96 చిన్న గుంటలు. ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు, వాటికి ఆహారంగా గులాబీరంగు ద్రావణం. దూడల రక్తం నుంచి తీసిన సీరమ్ అందులో కొంత కలుపుతాం. మర్నాటికి కణాలు అడుక్కు అతుక్కుంటాయి. అప్పుడు పసుపులోని కర్క్యుమినో, వేపలోని నింబొలైడో, అశ్వగంధలోని విథాఫెరినో వేరువేరు మోతాదుల్లో వేస్తాం. రెండు మూడు రోజులయ్యాక ఒక పసుపుపచ్చ రంగుద్రావణం పోస్తాం. బతికున్న కణం దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు. ఊదారంగు ఎంత ఉందో యంత్రం కొలిచి చెబుతుంది. 1983లో వచ్చిన పద్ధతి ఇది. సగం కణాలు చావడానికి ఎంత మోతాదు పట్టిందో ఆ అంకెను పత్రంలో రాస్తారు. పేపర్లలో మీరు చదివే "ఫలానా ఆకు కాన్సరును చంపుతుంది" వార్తల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ 96 గుంటల ప్లేటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు పోతాను. ఒక కుర్రవాడు వేపాకు సారం వేసి చూశాడు. మూడో రోజుకు కణాలన్నీ సాఫ్. లాబంతా మైసూరుపాకు పంచాడు. నేనూ తిన్నాను. సాయంత్రం ప్లేటు కడిగేముందు అలవాటు కొద్దీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, మందు వెయ్యకుండా ఒట్టి ద్రావకం మాత్రమే వేసిన గుంటల్లోనూ కణాలు చచ్చి తేలుతున్నాయి. ఆకుసారం నీళ్ళలో కరగదు కాబట్టి ఒక రసాయన ద్రావకంలో కరిగిస్తాం. అది వెయ్యింటికి అయిదు పాళ్ళు దాటకూడదు. అతను యాభై పాళ్ళు వేశాడు. చంపింది వేప కాదు, ద్రావకం. పాపం, ముఖం చిన్నబుచ్చుకున్నాడు గాని నిజాయితీపరుడు, ఆ ఫలితాన్ని చించేసి మళ్ళీ మొదటినుంచి చేశాడు. ప్లేటులో ఉన్న కణం అంత దిక్కులేనిది. దానికి కాలేయం లేదు, మూత్రపిండం లేదు, రక్తం లేదు. వంటింట్లో వెనిగర్ పోసినా చస్తుంది.

ఇంకో విచిత్రం నేను రిటైరైన రెండేళ్ళకు తెలిసింది. 2016లో స్వీడన్ శాస్త్రవేత్తలు దాచి ఉంచిన అసలు కణితి ముక్క డి.ఎన్.ఏ.ను, ప్రపంచమంతా వాడుతున్న యు-87 కణాల డి.ఎన్.ఏ.తో సరిపోల్చారు. కలవలేదు! మెదడు కణితి కణాలే కావచ్చుగాని, ఆ మొదటి రోగివి మాత్రం కావు. దశాబ్దాల క్రితం ఎక్కడో సీసాలు మారిపోయాయన్నమాట. ఇన్నేళ్ళు నేను మేపిన గేదె ఎవరిదో నాకే తెలియదు.

ఇక 2011 సంగతికి వస్తాను.

మా అక్కను దుగ్గిరాల దగ్గర పల్లెకు ఇచ్చారు. దుగ్గిరాల పసుపు యార్డు సంగతి మీకు తెలిసిందే. మా బావగారు హైస్కూలులో లెక్కల మాస్టారుగా చేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. రెండెకరాల సొంత పసుపు. ఆయనకు 68వ ఏట ఎడమచెయ్యి పట్టుతప్పడం మొదలైంది. కాఫీగ్లాసు జారిపోయేది. స్కాన్ తీస్తే మెదడులో కణితి. ఆపరేషన్ బాగానే జరిగింది. ముక్క పరీక్షలో గ్లయోబ్లాస్టోమా అని వచ్చింది. నాలుగు వారాలు పోయాక ముప్పై రోజుల కరెంటు, దాంతోపాటు రోజూ మాత్ర మొదలుపెట్టాలని డాక్టరు చెప్పారు. కరెంటంటే మనవాళ్ళకు భయం. తల మాడిపోతుందని, మతి పోతుందని ఎవరో చెప్పారు.

ఒక రాత్రి ఫోను చేశారు.

"ఏరా, మీ లాబులో పసుపు మీద పని జరుగుతోందన్నావే. మెదడు కాన్సరు కణాలు దానికి చస్తాయా?"

"చస్తాయి బావగారూ. మూడో రోజుకు గుంట ఖాళీ."

"ఎంత మోతాదుకి?"

"లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు సగం పోతాయండీ."

అంతే మాట్లాడాను. అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు. మంచంమీద ఉన్న మనిషి గొంతులో హుషారు వినిపించింది, నాకూ సంతోషం వేసింది. నా పని గురించి మా ఇంట్లో అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు కూడా అదివరకు లేరు. ఆ గర్వం కొంత ఉంది, దాచడమెందుకు?

ఆయన లెక్కల మాస్టారు. కాగితం తీసి లెక్క వేశారు. ఒంట్లో రక్తం అయిదు లీటర్లు. లీటరుకు ఏడున్నర చొప్పున ముప్పైయేడున్నర మిల్లీగ్రాములు. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు. అంటే గ్రామున్నర పసుపు లోపే సరిపోతుంది. ఎందుకైనా మంచిదని దానికి రెట్టింపు, చెంచాడు పసుపు, కాసిని మిరియాలు, పాలల్లో రోజూ ఉదయం. సొంత చేలో పండిన పసుపు. "ఒక నెల చూసి కరెంటుకు పోదాం" అన్నారట. అక్క నాకు చెప్పలేదు. నేను చెప్పిన మందే కదా, నాకు తెలుసుననుకుంది. నెల కాస్తా పది వారాలైంది.

ఆ లెక్కలో తప్పెక్కడుందో మీరు పట్టుకోగలరా? కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా, మింగిందంతా రక్తంలోకి పోతుందనుకోవడం. కర్క్యుమిన్ పేగుల్లోంచి లోపలికి సరిగ్గా ఎక్కదు. ఎక్కిన కాస్తను పేగుగోడ, కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగుళూరు శాస్త్రవేత్తలు ఆరోగ్యవంతులకు రెండు గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ ఇచ్చి రక్తం పరీక్షించారు. రెండు గ్రాములంటే దాదాపు 65 గ్రాముల పసుపుతో సమానం. రక్తంలో కనిపించింది లీటరుకు మిల్లీగ్రాములో వందోవంతు కూడా లేదు. మా ప్లేటులో పట్టింది ఏడున్నర. అంటే ఏడువందల రెట్లకు పైగా తక్కువ. మిరియాల్లోని పైపరీన్ కలిపి ఇస్తే 20 రెట్లు పెరిగిందని అదే పరిశోధన చెబుతుంది. ఈ మాటే ఇప్పుడు సీసాల మీద పెద్దక్షరాలతో వేసి అమ్ముతున్నారు. ఇరవై రెట్లు పెరిగినా ఇంకా ముప్పైయయిదు రెట్లు తక్కువే, అదీ గంటసేపే. మా బావగారు తిన్నదో, ఆ పరిశోధనలో ఇచ్చిన మోతాదులో ఇరవయ్యో వంతు.

ఇదంతా రక్తం వరకే. అక్కడినుంచి మెదడులోకి పోవాలి. ఆ దారిలో ఇంకో గట్టి కాపలా ఉంది.

1885 ప్రాంతంలో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్ళంతా రంగు పట్టింది గాని మెదడు మాత్రం తెల్లగానే ఉంది. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకు పట్టింది, ఒంటికి పట్టలేదు. మెదడులోని సన్న రక్తనాళాల గోడల కణాలు ఒకదానికొకటి సందు లేకుండా కుట్టేసినట్టుంటాయి. పైగా, పొరపాటున లోపలికొచ్చినదాన్ని మళ్ళీ రక్తంలోకి తోసేసే పంపులు ఆ గోడలోనే ఉన్నాయి. మన ట్రెజరీలో పాత గుమాస్తా గుర్తున్నాడా? కాగితం సరిగ్గా ఉన్నా ఏదో ఒక కొర్రీ వేసి వెనక్కి పంపేవాడు. అచ్చం అలాంటిదే. మెదడును విషాల నుంచి కాపాడడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. కాన్సరు మందుకూ అదే అడ్డు.

ఈ అడ్డు ఎంతటిదో చెప్పడానికి పసిఫిక్ యూ చెట్టు కథ చాలు. అమెరికాలో 1962లో ఆ చెట్టు బెరడు సేకరించారు. అందులోని టాక్సాల్ నిర్మాణాన్ని మన్రో వాల్, మన భారతదేశంలో పుట్టిన మన్‌సుఖ్ వాణి కలిసి 1971లో ప్రకటించారు. 1992లో అండాశయ కాన్సరుకు అమెరికాలో అనుమతి వచ్చింది. బెరడు నుంచి సూది దాకా ముప్పై ఏళ్ళు. ఈ టాక్సాల్ మెదడు కాన్సరు కణాల మీద ప్లేటులో అద్భుతంగా పనిచేస్తుంది. మా పసుపు దానిముందు ఏ మూలకూ చాలదు. కాని రక్తంలోకి ఎక్కిస్తే మెదడులోకి పోదు. గుమాస్తా వెనక్కి పంపేస్తాడు. 2023లో చికాగో డాక్టర్లు ఒక ప్రయత్నం ప్రకటించారు. కణితి తీసేసిన చోట పుర్రెలో చిన్న అల్ట్రాసౌండ్ పరికరం అమర్చి, రక్తంలోకి సూక్ష్మమైన బుడగలు ఎక్కించి, ఆ కంపనంతో రక్తనాళాల గోడను కాసేపు తెరిచి ఇదే మందు పంపారు. మెదడులో మందు మూడు నాలుగు రెట్లు పెరిగింది. గంటలోపే తలుపు చాలావరకు మళ్ళీ మూసుకుంది. 17 మంది మీద చేసిన తొలి పరీక్ష అది, మందు సురక్షితంగా ఇవ్వగలమా అని చూడడానికే. పేపర్లో చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొక్కల్లో మందు లేదని నేననడం లేదు. ఇంటి ముందు కుండీలో పూసే బిళ్ళగన్నేరును చూడండి. 1952లో జమైకా నుంచి కెనడాలోని ఒక డాక్టరుకు కవరులో పాతిక ఆకులు వచ్చాయి. అక్కడివాళ్ళు మధుమేహానికి ఆ ఆకు కషాయం తాగుతారట. ఆ డాక్టరు తమ్ముడు రాబర్ట్ నోబుల్, సహచరుడు చార్లెస్ బీర్ ఎలుకలకు ఇచ్చి చూశారు. చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. ఇంకొకరైతే పనికిరాదని పారేసేవారు. తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్తకాన్సరు గుర్తొచ్చింది వాళ్ళకు. అలా విన్‌బ్లాస్టిన్ దొరికింది. అదే మొక్కలోని విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల రక్తకాన్సరుకు ఈనాటికీ అది ముఖ్యమైన మందు. మెదడు కణితుల్లో ఒలిగోడెండ్రోగ్లయోమా అనే రకానికి మరి రెండు మందులతో కలిపి దీన్ని వాడతారు. ఒక జన్యుమార్పు ఉన్న రోగులకు కరెంటుతోపాటు ఈ మూడూ ఇస్తే సగటు ఆయుష్షు సుమారు 7 ఏళ్ళ నుంచి 14 ఏళ్ళు దాటిందని 2013లో తేలింది. అయితే ఆ మూడింటిలో విన్‌క్రిస్టిన్ మెదడులోకి సరిగ్గా పోదు కాబట్టి దాని పాలు ఎంతన్నది డాక్టర్లే వాదించుకుంటున్నారు.

అంతమాత్రాన ఇంటికి పోయి బిళ్ళగన్నేరు ఆకు నూరకండి. ఒక గ్రాము మందు తియ్యడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఆ మందునే పొరపాటున నరంలోకి బదులు వెన్నులోకి ఎక్కిస్తే మనిషి దక్కడం కష్టం. మొక్కది కాబట్టి హాని చెయ్యదనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

తెలుగువాళ్ళుగా మనం గుర్తు చేసుకోవలసిన సంగతి కూడా ఒకటుంది. ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు ఆకు నుంచి వచ్చింది. 1941లో పాలకూర నుంచి తీశారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం అమెరికాలో ఆ ఆమ్లాన్ని తయారుచేసింది. దాన్ని పోలి ఉండి కణాన్ని మోసగించే మందులనూ తయారుచేసింది. వాటిలోదే మెథోట్రెక్సేట్. మనలో కీళ్ళవాతానికి దాన్ని వారానికొక్కసారి కొద్ది మిల్లీగ్రాములు వేసుకునేవాళ్ళున్నారు. మెదడులో పుట్టే లింఫోమా అనే కాన్సరుకు అదే మందును గ్రాముల లెక్కన, ఆసుపత్రిలో పెట్టి, విరుగుడు పక్కన ఉంచుకుని ఇస్తారు. కాపలా దాటాలంటే అంత మోతాదు కావాలి. ఆ మోతాదు ఇంట్లో వేసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన గ్రూపులో పదే పదే తిరిగే లక్ష్మణఫలం. కీమో కంటే పదివేల రెట్లు బలమైనదని మెసేజీ. ఆ పదివేల అంకె ఎవరో పుట్టించింది కాదు. ఆ జాతి గింజల్లోని ఒక పదార్థం ప్లేటులో పెద్దపేగు కాన్సరు కణాల మీద అంత బలంగా పనిచేసిందని 1996లో ఒక పత్రం వచ్చింది. ప్లేటులో. మెసేజీలో ఆ ఒక్కమాటే లేదు, నేను ఫోనులో వదిలేసిన మాటే! ఇంకా వినండి. కరీబియన్ దీవుల్లో గ్వాడలూప్ అనే చోట లక్ష్మణఫలం, దాని ఆకుల టీ బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్ వంటి జబ్బు ఎక్కువగా ఉందని 1999లో డాక్టర్లు రాశారు. మెదడు కోసం తినేది మెదడునే దెబ్బతీస్తే ఎవరికి చెప్పుకుంటాం? తిప్పతీగ విషయంలోనూ, కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో బొంబాయి డాక్టర్లు ప్రకటించారు. కాన్సరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. కరపత్రం చేతికొస్తే ఆ సంగతి గుర్తుంచుకోండి.

బావగారి సంగతి పూర్తి చేస్తాను. పది వారాలకు కాలు కూడా పట్టుతప్పింది. మళ్ళీ స్కాన్ తీస్తే కణితి తిరిగి పెరిగింది. అప్పుడు కరెంటు పెట్టించాం. ఆపరేషనైన పదకొండో నెలలో పోయారు. 2005లో ప్రకటించిన పెద్ద పరీక్ష ఒకటుంది. 70 ఏళ్ళ లోపు రోగులు 573 మంది. కరెంటు ఒక్కటే తీసుకున్నవాళ్ళలో రెండేళ్ళు దాటినవాళ్ళు నూటికి పదిమంది. మాత్ర కూడా తీసుకున్నవాళ్ళలో ఇరవయ్యారుగురు. బావగారికి 68. వేళకు వెళ్ళివుంటే ఆ ఇరవయ్యారుగురిలో ఉండేవారా? ఎవరూ చెప్పలేరు. డాక్టరు నాతో "ఎక్కువ తేడా ఉండకపోవచ్చు" అన్నారు, నన్ను ఊరడించడానికే కావచ్చు. మనవరాలి పెళ్ళి ఆయన పోయిన మూడో నెలలో జరిగింది. ఆ మూడు నెలల లెక్క నేను ఇప్పటికీ వేసుకుంటూనే ఉంటాను.

అక్క నన్నేమీ అనలేదు. ఏడాది మాసికాలయ్యాక బావగారి పాత పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టింది. అందులో ఆ లెక్క ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలతో, కింద రెండు గీతలు గీసి. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పోయిన నెల లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళితే మన సభ్యులొకరు పక్కకు పిలిచి ఇదే ప్రశ్న అడిగారు. వియ్యంకుడి తమ్ముడికట. ఈసారి కుర్చీలో కూచుని ముప్పావుగంట చెప్పాను. కరెంటు తేదీ ఎప్పుడని ముందు అడిగాను. ఆ తేదీ మార్చవద్దని చెప్పాను. ఇంట్లో తాగిస్తున్న కషాయాలూ, మింగిస్తున్న పొడులూ అన్నీ కాగితం మీద రాసి డాక్టరుకు చూపించమన్నాను, తిడతారని దాచవద్దని కూడా అన్నాను. కూరలో పసుపు మామూలుగా వేసుకోమన్నాను. మా ప్లేటులో కణాలు చచ్చాయా అని ఆయన అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి, బావగారి పుస్తకం చూపించి మరీ.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. భోజనాల దగ్గర ఎవరేమడిగినా చెబుతాను.